నిలకడా, మెరుపా? ముందు వరుసలో ఎవరిని ఆడించాలి

2019 జూన్ 1, మాడ్రిడ్. యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్, టాటెన్‌హామ్‌కూ లివర్‌పూల్‌కూ మధ్య. మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు ఆట మొదలు. దానికి గంట ముందు జట్ల జాబితాలు వచ్చాయి. టాటెన్‌హామ్ పదకొండు మందిలో హ్యారీ కేన్ పేరు ఉంది. లూకాస్ మౌరా పేరు లేదు.

లూకాస్ ఏం చేశాడో అప్పటికి అందరికీ తెలుసు. మూడు వారాల క్రితం ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ మీద సెమీఫైనల్‌లో టాటెన్‌హామ్ పని అయిపోయిందనుకున్న దశలో, సెకండాఫ్‌లో ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. మూడోది ఇంజురీ టైమ్ ఆరో నిమిషంలో. జట్టు ఫైనల్‌కు వచ్చిందే అతని వల్ల. కేన్ సంగతి వేరు. ఏప్రిల్ 9న మాంచెస్టర్ సిటీ మీద ఆడుతూ చీలమండ దెబ్బతీసుకున్నాడు. ఆ తర్వాత ఏడు వారాలకు పైగా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా కేన్ అంటే కేన్. ఏటా గోల్స్ కొట్టే మనిషి, క్లబ్ మొత్తం నమ్ముకున్న మనిషి. కోచ్ పొచెటినో అతన్నే దింపాడు. లూకాస్ సెకండాఫ్‌లో గానీ మైదానంలోకి రాలేదు. టాటెన్‌హామ్ 0-2తో ఓడింది.

అదే రాత్రి అవతలి బెంచ్ మీద ఇంకో మెరుపు ఆటగాడు కూర్చుని ఉన్నాడు. లివర్‌పూల్ కోచ్ క్లాప్ కూడా గాయం నుంచి అప్పుడే కోలుకున్న ఫిర్మినోనే మొదట ఆడించాడు. కానీ గంట కూడా గడవకముందే అతన్ని బయటకు పిలిచి డివోక్ ఒరిగీని పంపాడు. 87వ నిమిషంలో ఒరిగీ రెండో గోల్ కొట్టాడు.

జట్టు ఎంపిక చేయాల్సిన ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుంది. కాలేజీ టీమ్ కెప్టెన్ కావచ్చు, టర్ఫ్ మీద ఆదివారం జట్టు నడిపేవాళ్ళు కావచ్చు, శుక్రవారం రాత్రి ఫాంటసీ జట్టు సర్దుకుంటూ టెన్షన్ పడేవాళ్ళు కావచ్చు. చేతిలో ఇద్దరు ఉంటారు. ఒకడు ప్రతి వారం పదికి ఆరో ఏడో మార్కుల ఆట ఆడతాడు. ఇంకొకడు నాలుగు వారాలు కనిపించకుండా పోయి, ఐదో వారం తలలు తిరిగే ఆట ఆడతాడు. ఎవరిని తీసుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి పేరు నిలకడ ఉన్నవాడిదే రాయండి. మెరుపు ఆటగాడిని తీసుకోవాలా వద్దా అన్నది అతని ప్రతిభ చూసి తేల్చేది కాదు. అతను మెరవని రోజున మిగతా జట్టు అతన్ని మోయగలదా అని చూసి తేల్చాలి. చాలామంది ఈ రెండో ప్రశ్న అడగరు. ఆటగాడిని చూస్తారు, జట్టును చూడరు.

మొత్తం గోల్స్ కాదు, అవి ఎలా పడ్డాయో చూడండి

క్రికెట్‌తో పెరిగిన మనకు ఇక్కడ ఒక పొరపాటు సులభంగా జరిగిపోతుంది. క్రికెట్‌లో ఒకడు డబుల్ సెంచరీ కొడితే ఆ రెండు వందల పరుగులూ జట్టు ఖాతాలో పడతాయి, ఆ మ్యాచ్‌లో ప్రతి పరుగుకూ విలువ ఉంటుంది. లక్ష్మణ్ 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో కొట్టిన 281లో వృథా పోయిన పరుగు ఏదీ లేదు. ఫుట్‌బాల్ అలా కాదు. ఒక్క గోల్ తేడాతో గెలిచినా మూడు పాయింట్లే, ఆరు గోల్స్ తేడాతో గెలిచినా మూడు పాయింట్లే. ఏడు గోల్స్ కొట్టిన రోజున ఐదోది, ఆరోది, ఏడోది కళ్ళకు పండగ, పట్టికలో దాదాపు సున్నా. గోల్ తేడా లెక్కకు పనికొచ్చే సందర్భాలు ఉంటాయి, కానీ అవి తక్కువ.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది డిమిటార్ బెర్బటోవ్ 2010-11 సీజన్. మాంచెస్టర్ యునైటెడ్ తరఫున 32 లీగ్ మ్యాచ్‌లలో 20 గోల్స్. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్‌ను సిటీ ఆటగాడు టెవెజ్‌తో కలిసి పంచుకున్నాడు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. విప్పి చూడండి. లివర్‌పూల్ మీద మూడు, బ్లాక్‌బర్న్ మీద ఐదు, బర్మింగ్‌హామ్ మీద మూడు. అంటే మూడు మ్యాచ్‌లలోనే పదకొండు. మిగతా 29 మ్యాచ్‌లకు తొమ్మిది మిగిలాయి. లివర్‌పూల్ మీద హ్యాట్రిక్ సెప్టెంబర్‌లో, బ్లాక్‌బర్న్ మీద ఐదు గోల్స్ నవంబర్ చివర్లో. ఆ రెంటి మధ్య యునైటెడ్ ఆడిన తొమ్మిది లీగ్ మ్యాచ్‌లలో బెర్బటోవ్ గోల్ ఒక్కటి కూడా లేదు. ఆ తొమ్మిదిలో ఐదు డ్రా అయ్యాయి. బ్లాక్‌బర్న్ మీద 7-1 స్కోరులో మిగిలిపోయిన గోల్స్‌ను వెనక్కి పంపే దారి ఉంటే, ఆ డ్రాలలో కొన్ని గెలుపులయ్యేవి.

యునైటెడ్ ఆ ఏడాది లీగ్ గెలిచింది, కాబట్టి ఎవరికీ పెద్దగా నొప్పి తగల్లేదు. కానీ సీజన్ చివర బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ ఫైనల్ వచ్చేసరికి కోచ్ ఫెర్గూసన్ లీగ్ టాప్ స్కోరర్‌ను సబ్‌లతో కలిపి పద్దెనిమిది మందిలో కూడా ఉంచలేదు. లీగ్‌లో 13 గోల్సే కొట్టిన కుర్రాడు హెర్నాండెజ్‌ను ముందు ఆడించాడు. బెర్బటోవ్ బంతిని ఆపే తీరు నాకు ప్రాణం. ఆ నిర్ణయం చూసి ఆ రోజు చాలా బాధపడ్డాను. తర్వాత ఈ లెక్క వేసుకున్నాక అర్థమైంది.

అందుకే ఇద్దరిని పోల్చేటప్పుడు గోల్స్ మొత్తం పక్కన పెట్టి, 'ఎన్ని మ్యాచ్‌లలో గోల్ గానీ అసిస్ట్ (గోల్‌కు అందించిన పాస్) గానీ చేశాడు' అని లెక్కించండి. పది మ్యాచ్‌లలో పది గోల్స్ కొట్టినవాడు ఏడు మ్యాచ్‌లలో కనిపించాడా, మూడింటిలోనే కనిపించాడా? ఈ ఒక్క లెక్కతో సగం అనుమానాలు తీరిపోతాయి.

నిలకడ అంటే ప్రతి వారం గోల్ కాదు

ఇక్కడ రెండో పొరపాటు జరుగుతుంది. నాలుగు మ్యాచ్‌లలో గోల్ రాకపోతే 'నిలకడ పోయింది' అని ముద్ర వేసేస్తారు. కేన్ సంగతే చూడండి. 2018 దాకా ఇంగ్లండ్ మొదటి అంచె లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో, సీజన్ మొదలయ్యే ఆగస్టు నెలలో అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఏటా ఆగస్టు వస్తే పేపర్లలో, టీవీల్లో అదే పాట. అదే మనిషి 2015-16లో 25, 2016-17లో 29 గోల్స్‌తో వరుసగా రెండుసార్లు గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఆ మరుసటి సీజన్‌లో 30 కొట్టాడు. ఆగస్టు చూసి కేన్‌ను తీసేసినవాళ్ళకు మే నెలలో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మరి నిలకడను ఎక్కడ చూడాలి? గోల్ కన్నా ముందు జరిగే పనుల్లో. గోల్ ముందు గీసి ఉండే బాక్స్ లోపల నుంచి ఎన్ని షాట్లు తీస్తున్నాడు, బంతి వచ్చే వైపుకు దూరంగా ఉన్న రెండో పోస్ట్ దగ్గరకు ప్రతిసారీ చేరుతున్నాడా, బంతి పోగానే వెంటనే తిరిగి వెంటాడుతున్నాడా. ఈ పనులు చేస్తూ గోల్ రానివాడికి ఈ వారం కాకపోతే పై వారం వస్తుంది. ఈ పనులే ఆగిపోయినవాడికి గోల్ వచ్చినా అది అదృష్టమే. ఈ మధ్య అందరూ వాడే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ లెక్క కూడా ఇదే చెబుతుంది. ఒక షాట్ ఎక్కడి నుంచి, ఎలాంటి స్థితిలో తీశాడో చూసి అది గోల్ అయ్యే అవకాశం ఎంతో అంకెలో పెడతారు. పెనాల్టీకి నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై దాకా, బాక్స్ బయట ముప్పై గజాల నుంచి తీసిన షాట్‌కు రెండో మూడో. మెరుపు ఆటగాళ్ళ గోల్స్‌లో ఈ రెండో రకం ఎక్కువ. అందుకే అవి మనకు అంతగా గుర్తుంటాయి, అందుకే అవి అంత అరుదు.

మహమ్మద్ సలాను ఈ కళ్ళతో చూస్తే నిలకడ అంటే ఏమిటో తెలుస్తుంది. లివర్‌పూల్‌కు వచ్చిన 2017-18 నుంచి 2024-25 దాకా అతని లీగ్ గోల్స్ వరుసగా 32, 22, 19, 22, 23, 19, 18, 29. మధ్యలో లివర్‌పూల్ చాంపియన్ అయింది, అయిదో స్థానానికి పడింది, కోచ్ మారాడు, పక్కన ఆడే మానే, ఫిర్మినో వెళ్ళిపోయారు. ఆ అంకె మాత్రం 18 కన్నా కిందికి దిగలేదు. నాకు ఆ గోల్స్ కన్నా ముఖ్యంగా తోచేది ఇంకోటి. ఈ ఎనిమిది సీజన్లలో ఏడింట అతను 34 లేదా అంతకన్నా ఎక్కువ లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. మిగిలిన ఒక్క సీజన్‌లో 32. శనివారం ఉదయం కోచ్ లేచి పేరు రాసుకునేటప్పుడు ఆ మనిషి అక్కడ ఉన్నాడు. నిలకడలో సగం ఇదే, అందుబాటులో ఉండటం. దీన్ని ఎవరూ వీడియోలు చేసి పెట్టరు.

ఆ దృష్టితో మళ్ళీ మాడ్రిడ్ ఫైనల్‌కు వెళ్తే, పొచెటినో నిలకడను ఎంచుకున్నాడు అనడం సరికాదనిపిస్తుంది. ఏడు వారాలు ఆడని కేన్‌లో ఆ రోజు నిలకడ లేదు, నిలకడకు వచ్చిన పేరు ఉంది. పరుగు, ఒంటి బలం, ఆట వేగానికి అలవాటు, ఇవన్నీ ఉన్నప్పుడే కేన్ కేన్. నేనైతే లూకాస్‌ను మొదట ఆడించి, కేన్‌ను ఆఖరి అరగంటకు దాచుకునేవాణ్ణి. లూకాస్ మాత్రం ఖాయంగా గెలిపించేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ సీజన్‌లో అతని లీగ్ గోల్స్ పది, అందులో మూడు హడర్స్‌ఫీల్డ్ మీద ఒక్క మ్యాచ్‌లోనివే. కానీ ఆ రోజుకు ఒళ్ళు సిద్ధంగా ఉన్నది అతనిదే.

మెరుపుకు జట్టు కట్టే ఖరీదు

మెరుపు ఆటగాడిని తీసుకుంటే ఒక్కడి చోటు మాత్రమే ఇస్తున్నామని అనుకుంటాం. నిజానికి ఇంకో ఇద్దరి పని కూడా మార్చాల్సి వస్తుంది. అతను వెనక్కి రాడు, కాబట్టి అతని వైపు బ్యాక్, అంటే వెనక కాచే డిఫెండర్, ముందుకు వెళ్ళకూడదు. అతను బంతి పోగొట్టుకుంటాడు, కాబట్టి మధ్యలో ఒకడు ఎప్పుడూ కాపలా ఉండాలి.

ఈ ఖరీదు తెలిసి, కట్టి, లాభం పొందిన మనిషి నీల్ వార్నాక్. 2010-11లో ఇంగ్లండ్ రెండో అంచె లీగ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు కోచ్. అతని దగ్గర ఆడెల్ తారాబ్ట్ అనే మొరాకో కుర్రాడు ఉన్నాడు. కాళ్ళలో మాయ ఉంది, ఎప్పుడు ఏం చేస్తాడో తెలియదు, తన గోల్ దగ్గర కూడా ఇద్దరిని దాటాలని చూస్తాడు. వార్నాక్ అతన్ని మార్చాలని చూడలేదు. అతన్ని కెప్టెన్ చేశాడు. మన సగంలో ఉన్నప్పుడు తారాబ్ట్‌కు పాస్ ఇస్తే ఇచ్చినవాడికి జరిమానా అని మిగతావాళ్ళకు చెప్పాడు. అంటే తప్పు చేసే చోట అతనికి బంతే అందనివ్వలేదు, మాయ చేసే చోట మాత్రం ఎంతైనా చేసుకోమన్నాడు. తారాబ్ట్ 19 గోల్స్ కొట్టాడు, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, జట్టు చాంపియన్‌గా ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది.

మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో అతను కొట్టింది రెండే. అవతలివాళ్ళు బలమైనప్పుడు ఒకడి కోసం మిగతావాళ్ళు పరుగెత్తే ఏర్పాటు నిలవలేదు. జనవరిలో వార్నాక్ కూడా వెళ్ళిపోయాడు. కుర్రాడి ప్రతిభ ఒక్క ఏడాదిలో ఎక్కడికీ పోలేదు. అతన్ని మోసిన జట్టు మాత్రం కింద లేకుండా పోయింది.

హాటెమ్ బెన్ అర్ఫా కథ కూడా దాదాపు ఇదే. 2012లో న్యూకాజిల్ తరఫున బ్లాక్‌బర్న్ మీద, బోల్టన్ మీద ఒంటరిగా అందరినీ దాటుకుంటూ వెళ్ళి కొట్టిన గోల్స్ చూసినవాళ్ళు మర్చిపోరు. 2015-16లో నీస్ జట్టు ఆట అంతా అతని చుట్టూ నడిచింది, ఫ్రెంచ్ లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు. ఆ వెంటనే ప్యారిస్ సెయింట్ జర్మెయిన్ తీసుకుంది. అక్కడ అప్పటికే పెద్ద ఆటగాళ్ళు ఉన్నారు, అతని చుట్టూ తిరగాల్సిన అవసరం ఎవరికీ లేదు. రెండో సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఒక జట్టులో మెరిసినవాడిని తెచ్చుకునేటప్పుడు ఆ జట్టు అతని కోసం ఏమేం చేసిందో అడగండి. ఆ పనులు మీరు చేయలేకపోతే మీకు వచ్చేది వేరే ఆటగాడు.

ఈడెన్ హజార్డ్‌ను ఏ గట్టున పెట్టాలో నాకు ఇప్పటికీ తేలదు. చెల్సీలో 2014-15లో 14 లీగ్ గోల్స్, జట్టు చాంపియన్. మరుసటి ఏడాది నాలుగే, జట్టు పదో స్థానం. ఆ తర్వాత 16, జట్టు మళ్ళీ చాంపియన్. అతను పడితే జట్టు పడిందా, జట్టు పడితే అతను పడ్డాడా? రెండూ కలిసే జరిగాయని నా అనుకోలు. అంత ప్రతిభ ఉన్నవాడి మీద జట్టు పూర్తిగా ఆనుకుంటే వచ్చే ప్రమాదం అదే. విడదీసి బాగుచేయడానికి వీలుండదు.

లీగ్‌కు ఒక లెక్క, నాకౌట్‌కు ఒక లెక్క

2018-19 లివర్‌పూల్‌ను నేను ఈ విషయంలో పాఠంలా చూస్తాను. లీగ్‌లో సలా 22, మానే 22, ఫిర్మినో 12. జట్టుకు 97 పాయింట్లు. ఒరిగీ లీగ్ గోల్స్ మొత్తం మూడు. ఎవర్టన్ మీద 96వ నిమిషంలో, వాట్‌ఫోర్డ్ మీద ఒకటి, న్యూకాజిల్ మీద చివర్లో గెలిపించిన గోల్. ఒరిగీని సీజన్ పొడవునా ముందు ఆడించి ఉంటే 97 పాయింట్లు వచ్చేవని ఎవరూ అనరు. (అన్ని పాయింట్లు వచ్చినా ఒక్క పాయింట్ తేడాతో సిటీ టైటిల్ ఎత్తుకుపోయింది. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.)

కానీ మే 7న సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌కు, మొదటి మ్యాచ్ 0-3 వెనుకబాటుతో దిగిన రాత్రి సలా లేడు, ఫిర్మినో లేడు. ఒరిగీ రెండు గోల్స్ కొట్టాడు. లివర్‌పూల్ 4-0తో గెలిచి ఫైనల్‌కు వెళ్ళింది. ఫైనల్‌లో మళ్ళీ అతనే ముగించాడు. జట్టును ఆ ఫైనల్ మెట్టు దాకా ఎక్కించింది నిలకడ, ఆఖరి తలుపు తెరిచింది మెరుపు. ఆ వరుస తారుమారైతే పని జరగదు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన తీరులోనూ ఇదే కనిపిస్తుంది. ఆ సీజన్ అంతా గోల్స్ భారం మోసింది బార్తలోమ్యూ ఒగ్బెచే, 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అతనిదే. వయసు ముప్పై ఏడు. వేగం అంతగా లేదు, కానీ బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌లో మనం ఒక గోల్ వెనకపడి ఉన్నాం. 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది ఒగ్బెచే కాదు. సబ్‌గా వచ్చిన మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి గాల్లోనే బంతిని బాదాడు. ఆపైన పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి చేతులు గెలిపించాయి. తవోరా ఆ గోల్ కొట్టేదాకా అతని పేరు తెలియని అభిమానులు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

కాబట్టి లీగ్ అయితే ముందు వరుసలో ఇద్దరు నిలకడైనవాళ్ళు ఉండేదాకా మెరుపు ఆటగాడి గురించి ఆలోచించకండి. ఇద్దరూ కుదిరాక, మూడో చోటుకు అచ్చం అలాంటివాడినే ఇంకొకడిని తెచ్చుకోవడం కన్నా మెరుపు ఆటగాడు మేలు. ఎందుకంటే వెనక్కి తగ్గి గుంపుగా కాచుకునే జట్టును పద్ధతి ప్రకారం ఆడే ముగ్గురూ ఒకేలా గుద్దుకుంటూ ఉంటారు.

నాకౌట్ అయితే అవతలివాళ్ళ బలం చూడండి. వాళ్ళు మీకన్నా బాగా బలమైనవాళ్ళయితే, అందరూ మామూలుగా ఆడే మామూలు రోజున మీరు ఓడిపోతారు. అప్పుడు మామూలు రోజును కోరుకోవడంలో అర్థం లేదు. రోజును అటో ఇటో తిప్పేవాడు కావాలి. 0-1తో ఓడినా 0-4తో ఓడినా ఇంటికే కదా. మీరే బలమైన జట్టయితే దీనికి సరిగ్గా తలకిందులు. ఆట మామూలుగా సాగితే చాలు, నిలకడైనవాడిని పెట్టండి, గందరగోళాన్ని పిలవకండి.

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడేవాళ్ళకూ ఇదే లెక్క పనిచేస్తుంది. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు అవుతాయి కాబట్టి కెప్టెన్‌గా ప్రతి వారం ఆడేవాడు, వీలైతే పెనాల్టీలు తీసేవాడు ఉండాలి. గంట ఆడితేనే పూర్తి రెండు పాయింట్లు అని గుర్తుంటే, ఎప్పుడు సబ్ అవుతాడో తెలియని వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) ఎంత ఖరీదో అర్థమవుతుంది. ఫ్రెండ్స్ లీగ్‌లో మీరు ముందుంటే పక్కవాళ్ళ దగ్గర ఉన్న ఆటగాళ్ళే మీ దగ్గరా ఉంచుకోండి. సీజన్ చివర్లో అరవై పాయింట్లు వెనకబడి ఉంటే మాత్రం ఎవరి దగ్గరా లేని మెరుపు ఆటగాడే దిక్కు.

కుర్రాళ్ళ విషయం వేరు

పంతొమ్మిదేళ్ళ కుర్రాడి మెరుపును ముప్పై ఏళ్ళవాడి మెరుపుతో కలిపి తూచకూడదు. వినీసియస్ 2020-21లో రియల్ మాడ్రిడ్‌కు లీగ్‌లో మూడు గోల్సే కొట్టాడు. గోల్ ముందు అతని తడబాటు మీద నవ్వుకోనివాళ్ళు లేరు. కానీ ప్రతి మ్యాచ్‌లోనూ డిఫెండర్‌ను దాటి బాక్స్‌లోకి చేరుతూనే ఉన్నాడు. మరుసటి సీజన్‌లో 17 గోల్స్, ప్యారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిపించిన ఒకే ఒక్క గోల్ కూడా అతనిదే. చేరే చోటికి చేరుతున్న కుర్రాడికి ఓపిక పట్టండి. గోల్ కొట్టడం నేర్పవచ్చు, అక్కడికి చేరడం నేర్పడం చాలా కష్టం.

ఉస్మాన్ డెంబెలేకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. బార్సిలోనాలో ఆరేళ్ళు గాయాలు, మెరుపులు, మళ్ళీ గాయాలు. ప్యారిస్‌కు వచ్చిన మొదటి సీజన్‌లో లీగ్ గోల్స్ మూడు. 2024 అక్టోబర్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌కు కోచ్ లూయిస్ ఎన్రికే అతన్ని జట్టులోంచే తీసేశాడు. ఆ సీజన్‌లోనే తర్వాత అతన్ని వింగ్ నుంచి మధ్యలోకి మార్చాడు. డెంబెలే లీగ్‌లో 21 గోల్స్ కొట్టాడు, 2025లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. ఇంటర్ మీద 5-0తో గెలిచిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో అతను గోల్ కొట్టలేదు. రెండు అసిస్ట్‌లు చేశాడు, మ్యాచ్ అంతా అవతలి గోల్‌కీపర్ మీదికి పరుగెత్తుతూనే ఉన్నాడు. మెరుపు ఆటగాడు నిలకడ నేర్చుకున్నాడనడానికి నాకు ఆ గోల్స్ కన్నా ఆ పరుగులే సాక్ష్యం. ఒళ్ళు సహకరించింది, స్థానం కుదిరింది, కాదనగల కోచ్ దొరికాడు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా జరిగేది కాదనుకుంటాను.

మన టర్ఫ్ మీద

హైదరాబాద్‌లో మేం ఏడుగురి జట్టుతో ఆదివారాలు ఆడతాం. రెండేళ్ళ క్రితం ఎనిమిది జట్ల లీగ్‌లో మొదటి మ్యాచ్‌లోనే మా లెఫ్ట్ వింగర్ నాలుగు గోల్స్ కొట్టాడు. ఇక అతన్ని తీసే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత ఐదు మ్యాచ్‌లలో అతని మీద ఇద్దరేసి కాపలా పెట్టారు, అతనికి ఒక్క గోల్ రాలేదు. అతని వెనక మా బ్యాక్ ఒంటరిగా నలిగిపోయాడు. ఒక్క పాయింట్ తేడాతో సెమీస్ పోయింది. బెంచ్ మీద కూర్చున్న కుర్రాడు ప్రాక్టీస్‌లో రోజూ ఒకే రకం గోల్స్, రెండో పోస్ట్ దగ్గర కాలు పెట్టి తోసే గోల్స్ కొట్టేవాడు. అవి ఎవరి కంటికీ ఆనేవి కావు. నా కంటికీ ఆనలేదు.

ఆ తర్వాత నుంచి ఒక ఆటగాడి గురించి తేల్చే ముందు అతని మూడు మ్యాచ్‌లు రాసుకుంటున్నాను. ఒక చిన్న నోట్‌బుక్ చాలు. బాక్స్‌లో ఎన్నిసార్లు బంతి తాకాడు, బంతి పోయాక ఎన్నిసార్లు వెనక్కి పరుగెత్తాడు, ఎన్ని మ్యాచ్‌లలో గోల్‌లో అతని చెయ్యి ఉంది. మూడు మ్యాచ్‌లు తక్కువే, కానీ ఉత్త జ్ఞాపకం కన్నా నయం. జ్ఞాపకం ఎప్పుడూ ఆ నాలుగు గోల్స్ రోజునే చూపిస్తుంది. సెవెన్స్‌లో సబ్‌లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కాబట్టి మెరుపు ఆటగాడిని పది నిమిషాలు దింపి, తీసి, మళ్ళీ దింపే వీలుంది. పదకొండు మంది ఆటలో ఆ వీలు లేదు, అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో సంగతి. బెంచ్ మీద కూర్చోబెట్టేటప్పుడు అతనికి కారణం చెప్పండి, సమయం కూడా చెప్పండి. చెప్పకపోతే మొహం మాడ్చుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు, దింపినప్పుడు కోపంతో ఆడతాడు. మా వింగర్‌కు ఇప్పుడు మ్యాచ్ ముందే చెప్తున్నాను, 'స్కోరు ఎంతైనా సరే, సెకండాఫ్ ఐదో నిమిషానికి దిగుతావు తమ్ముడూ' అని. ఫస్టాఫ్ అంతా లైన్ పక్కన నిలబడి వాళ్ళ రైట్ బ్యాక్ ఏ కాలు మీద తిరుగుతున్నాడో చూస్తుంటాడు. దిగాక మొదటి బంతికే అతన్ని రెండో వైపు నుంచి దాటుతాడు.